ఆటోక్యాడ్‌లో సెట్టింగులు వాటంతట అవే మారిపోతున్నాయి: సేవ్ బాక్స్ రావడం లేదు, సెలెక్షన్ నిలవడం లేదు

#1 కొత్తపొర
డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ 2022 వాడుతున్నాం. ఒక సిస్టమ్‌లో మాత్రమే ఈ తేడాలు:
సేవ్ యాజ్ కొడితే బాక్స్ తెరుచుకోదు. కింద కమాండ్ లైన్‌లో ఫైల్ పేరు టైప్ చేయమంటుంది. ఓపెన్ కూడా అంతే.
ఒక లైన్ సెలెక్ట్ చేసి రెండోది క్లిక్ చేస్తే మొదటిది ఊడిపోతుంది.
సెలెక్ట్ చేసి డిలీట్ కీ నొక్కితే ఏమీ జరగదు. ఎరేజ్ కమాండ్ ఇచ్చి ఆ తర్వాత సెలెక్ట్ చేస్తే మాత్రం పోతుంది.
అదే ఫైల్ పక్క సిస్టమ్‌లో శుభ్రంగా నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాలా?

#2 నిలువుగీత
అంత పని లేదండీ. పైగా పాత యూజర్ ప్రొఫైల్ మిగిలిపోతే, మళ్లీ ఎక్కించినా ఇవే సెట్టింగులు తిరిగొస్తాయి.

మీరు చెప్పిన మూడూ మూడు వేరియబుల్స్ (ఒక్కో సెట్టింగ్ విలువను దాచే పేర్లు). కమాండ్ లైన్‌లో పేరు కొట్టి ఎంటర్, విలువ కొట్టి ఎంటర్:

ఫైల్‌డయా: 1 ఉండాలి. 0 అయితే ఓపెన్, సేవ్ బాక్సులు రావు.
పిక్‌యాడ్: 2 ఉండాలి. 0 అయితే కొత్త సెలెక్షన్ పాతదాన్ని తోసేస్తుంది, షిఫ్ట్ పట్టుకుంటేనే కలుస్తుంది.
పిక్‌ఫస్ట్: 1 ఉండాలి. 0 అయితే ముందు సెలెక్ట్ చేసి తర్వాత కమాండ్ ఇచ్చే పద్ధతే పనిచేయదు. డిలీట్ కీ మొరాయించడానికి కారణం అదే.

అర్జెంటుగా ఫైల్ సేవ్ చేయాలనుకోండి, పేరు అడిగినప్పుడు టిల్డా గుర్తు (~) ఒక్కటే కొట్టి ఎంటర్ నొక్కండి. ఆ ఒక్కసారికి బాక్స్ వస్తుంది.

#3 కొత్తపొర
మూడూ 0 ఉన్నాయి, సరిచేశాను. ఇప్పుడు బాగుంది. కానీ పోయిన వారం కూడా ఎవరో ఇలాగే సరిచేశారట, మళ్లీ మారింది. ఎవరూ ముట్టుకోకుండా ఎలా మారుతున్నాయి?

#4 పాలీలైన్
మార్చింది ఎవరో వెతికే ముందు, ఆ విలువ ఎక్కడ దాచి ఉంటుందో చూడాలి. ఆటోక్యాడ్ వేరియబుల్స్ మూడు చోట్ల ఉంటాయి.

రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోటు) ఉండేవి: ఫైల్‌డయా, పిక్‌యాడ్, పిక్‌ఫస్ట్, ఎడ్జ్‌మోడ్, ట్రిమ్‌మోడ్, పిక్‌స్టైల్. ఇవి మనిషి ప్రొఫైల్‌కు అంటుకుని ఉంటాయి. ఏ ఫైల్ తెరిచినా అదే తేడా కనిపిస్తుంది.
డ్రాయింగ్‌లో ఉండేవి: ఎల్‌టీస్కేల్, మిర్‌టెక్స్ట్, క్యూటెక్స్ట్‌మోడ్, ఫిల్‌మోడ్, ఇన్‌స్‌యూనిట్స్. ఫైల్ ఎక్కడికి పంపితే జబ్బు అక్కడికి వెళ్తుంది.
ఎక్కడా సేవ్ కానివి: హైలైట్ లాంటివి. ఆటోక్యాడ్ మూసి తెరిస్తే మామూలైపోతాయి.

పరీక్ష చాలా తేలిక. ఖాళీ కొత్త డ్రాయింగ్ తెరవండి. అందులోనూ తేడా ఉంటే రిజిస్ట్రీ, లేకపోతే ఆ ఫైలే. ఈ ఒక్క పని చేస్తే సగం ప్రశ్నలు ఇక్కడ పోస్ట్ చేయనక్కర్లేదు. మీ విషయంలో పక్క సిస్టమ్‌లో అదే ఫైల్ బాగుందంటేనే తేలిపోయింది, ఇది రిజిస్ట్రీ వ్యవహారం.

పిక్‌యాడ్ ఒక్కటే మారి ఉంటే ప్రాపర్టీస్ ప్యాలెట్ పైన మూల ఉన్న చిన్న బొమ్మ మీద చేయి పడిందనుకోవచ్చు. దాన్ని క్లిక్ చేస్తే మారేది అదే. మూడూ కలిసి 0 అయ్యాయంటే మాత్రం ఏదో లిస్ప్ (ఆటోక్యాడ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాముల భాష) ప్రోగ్రామ్ పని.

#5 నిలువుగీత
అవును, లిస్పే. ప్రోగ్రామ్ మొదట్లో తన సౌకర్యం కోసం వీటిని 0 చేస్తుంది, చివర్లో తిరిగి 1 చేస్తుంది. మధ్యలో ఎవరైనా ఎస్కేప్ నొక్కినా, ఏ ఎర్రరో వచ్చి ఆగినా ఆ చివరి లైన్ల దాకా వెళ్లదు. అందుకే "ఎవరూ ముట్టుకోలేదు" అనిపిస్తుంది.

యాప్‌లోడ్ కొట్టి స్టార్టప్ సూట్‌లో (ఆటోక్యాడ్ తెరవగానే లోడ్ అయ్యే ప్రోగ్రాముల జాబితా) ఏమున్నాయో చూడండి. ఏ ప్రోగ్రామ్ తర్వాత మారుతోందో పట్టుకోవడానికి సిస్‌వార్‌మానిటర్ వాడండి (2016 నుంచి ఉంది). మీకు ముఖ్యమైన వేరియబుల్స్‌ను వాటి సరైన విలువలతో అందులో పెట్టండి. ఏదైనా మారగానే స్టేటస్ బార్‌లో గుర్తు వస్తుంది, రీసెట్ ఆల్ నొక్కితే అన్నీ వెనక్కి వస్తాయి. ఎవరు మార్చారో అది చెప్పదు, ఎప్పుడు మారిందో మాత్రమే తెలుస్తుంది. ఆ గుర్తు కనిపించిన వెంటనే ఎఫ్2 నొక్కి టెక్స్ట్ విండోలో చివరగా నడిచిన కమాండ్ చూడండి, దొంగ దొరుకుతాడు.

#6 కొత్తపొర
దొరికింది. స్టార్టప్ సూట్‌లో చాలా ఫైళ్లను వరసగా సేవ్ చేసే లిస్ప్ ఒకటి ఉంది. మొదటి మూడు లైన్లలో ఈ మూడు వేరియబుల్స్ 0 అవుతున్నాయి. ఎర్రర్ వస్తే ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు. మా పనికి అది కావాలి, తీసేయలేం.

#7 లిస్ప్‌లోకం
తీయక్కర్లేదు, మూడు మార్పులు చేయండి.

ఒకటి: సూటిగా 1 అని రాయకుండా, మొదట గెట్‌వార్‌తో పాత విలువను ఒక పేరులో దాచి, చివర్లో సెట్‌వార్‌తో దాన్నే తిరిగి పెట్టండి. ప్రోగ్రామ్ రాసినవారి ఇష్టం కాకుండా వాడేవారి సెట్టింగ్ నిలుస్తుంది. పిక్‌యాడ్ విషయంలో ఇది తప్పనిసరి. పాత ప్రోగ్రాములు చివర్లో 1 పెడతాయి, ఇప్పటి డిఫాల్ట్ 2.

రెండు: అటూ ఇటూ నక్షత్రం గుర్తు ఉండే ఎర్రర్ ఫంక్షన్‌ను మీ ప్రోగ్రామ్ లోపల రాసి, అందులో కూడా అవే పాత విలువలు తిరిగి పెట్టండి. ఎస్కేప్ నొక్కినా, ఫైల్ దొరక్కపోయినా ఆటోక్యాడ్ ఈ ఫంక్షన్‌కే వస్తుంది. దాని పేరును డీఫన్ లైన్‌లో అడ్డగీత తర్వాత లోకల్ పేర్ల జాబితాలో చేర్చడం మర్చిపోవద్దు. చేర్చకపోతే ఆ డ్రాయింగ్‌లో మిగతా లిస్ప్‌లన్నిటికీ మీ ఎర్రర్ ఫంక్షనే దిక్కవుతుంది, అది ఇంకో తలనొప్పి.

మూడు: ఎర్రర్ ఫంక్షన్ లోపల కమాండ్ ఫంక్షన్ వాడకండి, కమాండ్-ఎస్ వాడండి. కొత్త వెర్షన్లలో మొదటిది అక్కడ ఒప్పుకోదు.

#8 పాలీలైన్
లిస్ప్‌లోకం గారు చెప్పినదంతా సరే గానీ, అసలు ఫైల్‌డయాను 0 చేయాల్సిన పనే లేదు కదా? ఫైల్‌డయా 1లో ఉన్నా, కమాండ్ ఒక స్క్రిప్ట్ నుంచో లిస్ప్ నుంచో వస్తే ఆటోక్యాడ్ బాక్స్ తెరవదు, కమాండ్ లైన్‌లోనే అడుగుతుంది. లిస్ప్‌లో బాక్స్ కావాలనుకుంటేనే ముందు ఇనిట్‌డయా రాయాలి. ఆ లైన్ మొత్తం కొట్టేసి ప్రోగ్రామ్ నడిపి చూడండి.

#9 లిస్ప్‌లోకం
ఒప్పుకుంటాను, సేవ్‌కి అవసరం లేదు. పిక్‌ఫస్ట్‌కి కూడా ఆ ప్రోగ్రామ్‌లో పనేమీ కనిపించడం లేదు. చాలా లిస్ప్‌లలో ఈ లైన్లు పాత ఫైల్ నుంచి కాపీ కొట్టగా మిగిలినవే. కానీ ఎర్రర్ ఫంక్షన్ మాత్రం ఉంచాల్సిందే. ఈరోజు ఫైల్‌డయా, రేపు ఓఎస్‌మోడ్. ఓఎస్‌మోడ్ 0 అయితే ఓస్నాప్ (గీత చివర, మధ్య లాంటి బిందువులను కచ్చితంగా పట్టే సౌకర్యం) టిక్కులన్నీ పోతాయి, అప్పుడు డ్రాఫ్టర్లు నిజంగానే గొడవ చేస్తారు.

#10 వంపుగీత
ఇందులోనే అడుగుతున్నాను. మాకు బయటి నుంచి ఒక జిప్ వచ్చింది. అందులోని ఫైల్ తెరిచాక ఎక్స్‌ప్లోడ్ కొడితే తెలియని కమాండ్ అంటోంది. ఎక్స్‌రెఫ్ (వేరే డ్రాయింగ్‌ను జతచేసే కమాండ్) కూడా అంతే. మిగతావన్నీ పనిచేస్తున్నాయి.

#11 నిలువుగీత
ముందు ఒక పని ఆపండి: ఆ ఫోల్డర్‌లో ఉన్న ఇంకే ఫైలూ తెరవకండి.

కమాండ్ పేరు ముందు చుక్క పెట్టి ఎక్స్‌ప్లోడ్ కొట్టండి. చుక్కతో పనిచేస్తే ఎవరో దాన్ని అన్‌డిఫైన్ చేశారని (పనిచేయకుండా ఆపేశారని) అర్థం. రీడిఫైన్ కొట్టి ఎక్స్‌ప్లోడ్ అని ఇస్తే తిరిగొస్తుంది. ఇంకో డ్రాయింగ్ తెరవగానే మళ్లీ పోతే, ప్రతిసారీ లోడ్ అయ్యే ఫైల్ ఒకటి కూర్చుని ఉంది.

ఆ జిప్ ఫోల్డర్‌లో యాక్యాడ్ డాట్ ఎల్‌ఎస్‌పీ, యాక్యాడ్‌డాక్ డాట్ ఎల్‌ఎస్‌పీ, ఎఫ్‌ఏఎస్ పొడిగింపు ఉన్న ఫైళ్లు ఉన్నాయేమో చూడండి. డ్రాయింగుల మధ్య ఈ పేర్లకు చోటు లేదు. ఎక్స్‌ప్లోడ్, ఎక్స్‌రెఫ్, ఎక్స్‌బైండ్ ఈ మూడింటినీ చెడగొట్టే వైరస్ చాలా పాతది. తెరిచిన ప్రతి ఫోల్డర్‌లోకీ, సపోర్ట్ ఫోల్డర్‌లోకీ తన కాపీ వేస్తుంది. అందుకే ఒక్క చోట తుడిస్తే పోదు.

#12 లిస్ప్‌లోకం
శుభ్రం చేసే వరస:
ఆటోక్యాడ్ మూసేసి, విండోస్ సెర్చ్‌తో ఆ పేర్లన్నీ వెతకండి. నెట్‌వర్క్ డ్రైవ్ కూడా వదలొద్దు. మీ ఆఫీసు సొంతంగా రాసుకున్న యాక్యాడ్‌డాక్ ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివి వదిలేయండి, మిగతావి తుడిచేయండి.
షార్ట్‌కట్ టార్గెట్ చివర స్లాష్ సేఫ్‌మోడ్ చేర్చి ఆటోక్యాడ్ తెరవండి. అలా తెరిస్తే ఏ లిస్పూ నడవదు.
తర్వాత సెక్యూర్‌లోడ్ (నమ్మకమైన ఫోల్డర్లలో లేని ప్రోగ్రాము లోడ్ అయ్యే ముందు హెచ్చరించేది) 1, లెగసీకోడ్‌సెర్చ్ 0 ఉన్నాయో లేదో చూడండి. రెండోది 0లో ఉంటే డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లో పడి ఉన్న ప్రోగ్రామును ఆటోక్యాడ్ తనంతట తాను తీసుకోదు.
నమ్మకమైన ఫోల్డర్ల జాబితాలో మొత్తం డ్రైవ్ పెట్టేసే వాళ్లున్నారు, అలా చేస్తే సెక్యూర్‌లోడ్ ఉన్నా లేనట్టే.

#13 వంపుగీత
సర్వర్‌లో చాలా ఫోల్డర్లలో దొరికాయి. శుభ్రం చేస్తున్నాం. థ్యాంక్స్ అండీ.

#14 గీతాగణితం
సెంటర్ లైన్ల గురించి అడగొచ్చా? మోడల్‌లో ఎల్‌టీస్కేల్ (చుక్క-గీతల సైజును పెంచే, తగ్గించే అంకె) 100 పెడితే చుక్క-గీత చక్కగా కనిపిస్తుంది. లేఔట్‌లో (ప్రింట్ షీట్) 1:100 వ్యూపోర్ట్‌లో (మోడల్‌ను చూపే కిటికీ) చూస్తే అదే లైన్ నిండుగీతలా వస్తుంది. యూనిట్లు మిల్లీమీటర్లు, లైన్‌టైప్ ఫైల్ యాక్యాడ్‌ఐఎస్ఓ.

#15 పాలీలైన్
లెక్క చేస్తే తేలిపోతుంది. యాక్యాడ్‌ఐఎస్ఓ ఫైల్‌లో సెంటర్ నిర్వచనం: 31.75 గీత, 6.35 ఖాళీ, 6.35 గీత, 6.35 ఖాళీ. మొత్తం 50.8, ఇదే ఒక ఆవృత్తం.

లేఔట్‌లో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1 ఉంటే ఈ 50.8ని కాగితం మీద మిల్లీమీటర్లుగా తీసుకుని, దాన్ని ఎల్‌టీస్కేల్‌తో గుణిస్తుంది. మీది 100. అంటే కాగితం మీద ఒక్క ఆవృత్తానికి 5080 మిల్లీమీటర్లు, అయిదు మీటర్ల పైన. ఏ షీట్ మీదా అంత పొడవు గీత ఉండదు. లైన్‌లో ఒక్క ఆవృత్తం కూడా పట్టకపోతే ఆటోక్యాడ్ నిండుగీతే గీస్తుంది.

మందు:
ఎల్‌టీస్కేల్ 1 లేదా 0.5
పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1
ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ 1
స్టేటస్ బార్‌లో మోడల్ అనోటేషన్ స్కేల్ 1:100
ఆ తర్వాత రీజెన్‌ఆల్. రీజెన్ ఒక్కటే కొడితే అన్ని వ్యూపోర్టులూ మారవు. చాలామంది ఇక్కడే "పనిచేయలేదు" అని వదిలేస్తారు.

ఎంఎస్‌ఎల్‌టీస్కేల్ 1 పెట్టాక మోడల్‌లో కూడా అనోటేషన్ స్కేల్ ప్రకారమే గీతలు కనిపిస్తాయి, ఎల్‌టీస్కేల్ 100 అవసరం ఉండదు.

#16 గీతాగణితం
కొన్ని లేఔట్లలో సరిపోయింది, కొన్నిట్లో ఇంకా నిండుగీతే.

#17 పాలీలైన్
పీఎస్‌ఎల్‌టీస్కేల్ ప్రతి లేఔట్‌కీ విడిగా ఉంటుంది. ఒక్కో లేఔట్ ట్యాబ్‌లోకి వెళ్లి 1 ఇవ్వాలి. అన్నిట్లో 1 ఉండి కూడా రాకపోతే లైన్ పొడవు చూడండి. 4 మీటర్ల లైన్ 1:100లో కాగితం మీద 40 మిల్లీమీటర్లే, సెంటర్ ఆవృత్తం 50.8. అందుకే నేను ఎల్‌టీస్కేల్ 0.5 వైపే మొగ్గుతాను, 25.4 అవుతుంది. లేదా ఆ లేయర్‌కు సెంటర్2 పెట్టండి, కొలతలు అందులో దాదాపు సగం.

#18 నిలువుగీత
ఒక్క విషయంలో నేను ఏకీభవించను. ఒకే స్కేల్‌లో షీట్లు తీసే పాత ఫైళ్లలో పీఎస్‌ఎల్‌టీస్కేల్ 0, ఎల్‌టీస్కేల్ 50 అని పెట్టుకుని అంతా అలాగే నడుస్తుంటుంది. అవి బాగానే ప్రింట్ అవుతుంటే ముట్టుకోకండి. 1:100, 1:20 డీటెయిల్ ఒకే షీట్‌లో ఉన్నప్పుడే ఈ పద్ధతి తిరగబడుతుంది. 1:20లో గీతలు అయిదు రెట్లు పొడవుగా వస్తాయి. అప్పుడు పాలీలైన్ గారి పద్ధతికి మారండి.

#19 సర్వేగొలుసు
కాంటూర్ల (నేల ఎత్తు చూపే గీతల) మీద ఈ చిట్కాలేవీ పనిచేయవు. సర్వే నుంచి వచ్చిన పాలీలైన్‌లో (ముక్కలన్నీ కలిసిన ఒకే గీత) రెండు మీటర్లకొక వెర్టెక్స్ (ముక్కలు కలిసే బిందువు) ఉంటుంది. ఆటోక్యాడ్ ప్రతి వెర్టెక్స్ దగ్గరా చుక్క-గీతను మళ్లీ మొదలుపెడుతుంది. 1:100లో అది 20 మిల్లీమీటర్ల ముక్క, ఏ ఆవృత్తమూ పట్టదు. పీఎడిట్‌లో మల్టిపుల్ తీసుకుని అన్నిటినీ సెలెక్ట్ చేసి లైన్‌టైప్ జెనరేషన్ ఆన్ చేయండి. పీలైన్‌జెన్ 1 పెడితే ఇకపై గీసేవాటికే, ఇప్పటికే ఉన్నవాటికి వర్తించదు.

#20 గీతాగణితం
సెంటర్ లైన్లు, కాంటూర్లు రెండూ వచ్చేశాయి. అదే సర్వే ఫైల్‌లో ఇంకో చిక్కు. రెండు లైన్లకు ఫిల్లెట్ (మూల కలిపే కమాండ్) వేస్తే ఒకే తలంలో లేవంటుంది. జాయిన్ కూడా కలపదు. ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ రెండూ 0.00 చూపిస్తున్నాయి.

#21 సర్వేగొలుసు
ఆ 0.00ను నమ్మకండి. యూనిట్స్‌లో ప్రెసిషన్ 8 దశాంశాలకు పెంచి మళ్లీ చూడండి. 0.00032 అనో 0.00000450 అనో కనిపిస్తుంది. ఫిల్లెట్‌కు అంత తేడా చాలు. ఎత్తు ఉన్న పాయింట్లకు ఓస్నాప్ పట్టి గీస్తే ఇలాగే జరుగుతుంది.

సరిచేసే దారులు, నేను ఇష్టపడే వరసలో:

లైన్లు కొద్దిగా ఉంటే అన్నిటినీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో స్టార్ట్ జెడ్‌లో 0, ఎండ్ జెడ్‌లో 0 టైప్ చేయండి. పైకి 0.00 కనిపించినా మళ్లీ 0 కొట్టి ఎంటర్ నొక్కాలి.

ఫైల్ అంతా ఉంటే మూవ్ కిటుకు. మూవ్, ఆల్, బేస్ పాయింట్ 0,0,0, రెండో పాయింట్ 0,0,1ఇ99 (1 పక్కన 99 సున్నాలు). మళ్లీ మూవ్, ప్రీవియస్, 0,0,0 నుంచి 0,0,-1ఇ99. ఎందుకు పనిచేస్తుందంటే, ఆటోక్యాడ్ అంకెను సుమారు 15-16 అర్థవంతమైన స్థానాల వరకే గుర్తుంచుకుంటుంది. 1ఇ99కి 0.00032 కలిపితే ఆ చిన్న ముక్క ఆవిరైపోతుంది, వెనక్కి తెచ్చినప్పుడు అచ్చంగా 0 మిగులుతుంది. లాక్ అయిన లేయర్లు, బ్లాకుల (ఒక్కటిగా కట్టిన గీతల గుంపుల) లోపలి లైన్లు దీనికి చిక్కవు. ముందు లేయర్లు అన్‌లాక్ చేసి, ఫ్రీజ్ తీసేయండి.

ఫ్లాటెన్ (అన్నిటినీ ఒకే తలానికి చదును చేసే కమాండ్) చివరి దారి. ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో ఉంటుంది.

#22 లిస్ప్‌లోకం
ఫ్లాటెన్‌ను అంత చివరికి ఎందుకు తోశారు? బ్లాకుల లోపలికి కూడా వెళ్లేది అదొక్కటే కదా.

#23 సర్వేగొలుసు
వెళ్తుంది, అదే భయం. బ్లాకులను కొత్త పేర్లతో తిరగరాయడం, కొన్ని వస్తువులను పాలీలైన్లుగా మార్చేయడం దానికి మామూలే. అట్రిబ్యూట్లున్న బ్లాకుల ఫైల్‌పై నడిపితే తర్వాత షెడ్యూల్ తీయడానికి కూర్చున్నప్పుడు తెలుస్తుంది. ఫైల్ కాపీ మీద నడిపి, లిస్ట్ కమాండ్‌తో కొన్ని చోట్ల చూసుకుని, అప్పుడు అసలు దాని మీద వాడండి.

ఇక ముందు ఇలా రాకుండా టూడీ పనిలో ఓస్నాప్‌జెడ్ 1 పెట్టండి. ఓస్నాప్ పట్టిన పాయింట్ ఎత్తు ఎంతున్నా ప్రస్తుత ఎలివేషన్‌నే తీసుకుంటుంది. త్రీడీ పనికి తిరిగి 0.

అన్నట్టు, సర్వే ఫైల్ కదా అని మూవ్ కొట్టి మూలబిందువు దగ్గరకు లాక్కురాకండి. ఎక్స్, వై అలాగే ఉండాలి. దూరపు కోఆర్డినేట్ల వల్ల హ్యాచ్ తిక్కగా వస్తే హ్యాచ్ ఆరిజిన్‌ను ఆ బౌండరీ మూలకు పెట్టండి చాలు.

#24 కొత్తపొర
చిన్న ప్రశ్న: 2022లో ట్రిమ్ కొడితే కటింగ్ ఎడ్జ్ అడగకుండా దొరికినదంతా కోసేస్తోంది.

#25 నిలువుగీత
2021 నుంచి వచ్చిన క్విక్ మోడ్ అది. ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ 0 పెడితే పాత పద్ధతి వస్తుంది. ఫిల్లెట్ వేశాక మూల దగ్గర పాత లైన్లు మిగిలిపోతుంటే దాని సంగతి వేరు, ట్రిమ్‌మోడ్ 1 ఉండాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయి, ఒకదానికొకటి మార్చేయకండి.

#26 వంపుగీత
ప్రింట్ విషయం. మోనోక్రోమ్ సీటీబీ (ఏ రంగు గీత ఎలా ప్రింట్ కావాలో చెప్పే ఫైల్) పెట్టాం, అన్ని లైన్లూ నల్లగా వస్తున్నాయి, ఎక్స్‌రెఫ్‌గా తెచ్చిన ప్లాన్‌లో కొన్ని మాత్రం బూడిద, ఆకుపచ్చ రంగుల్లో వస్తున్నాయి. ప్లాట్ విత్ ప్లాట్ స్టైల్స్ టిక్ ఉంది.

#27 పాలీలైన్
ఆ లేయర్ల రంగు ఏ ట్యాబ్ నుంచి ఎంచుకున్నారో చూడండి. సీటీబీకి తెలిసినవి ఇండెక్స్ రంగులు 255 మాత్రమే. ట్రూ కలర్, కలర్ బుక్ రంగులు దాని లెక్కలోకే రావు, ఉన్న రంగులోనే ప్రింట్ అవుతాయి. లేయర్ మేనేజర్‌లో రంగు గడిలో 3, 8 లాంటి ఒక్క అంకె లేదా మామూలు రంగు పేరు ఉంటే ఇండెక్స్. కామాలతో మూడు అంకెలుంటే ట్రూ కలర్.

మీ సొంత ఫైల్ అయితే లేయర్‌కు ఇండెక్స్ ట్యాబ్ నుంచి రంగు ఇచ్చి, సెట్‌బైలేయర్‌తో వస్తువుల సొంత రంగులు తీసేయండి. ఎక్స్‌రెఫ్ వేరేవాళ్లదైతే ఆ ఫైల్‌ను తెరవకుండానే మీ డ్రాయింగ్‌లో ఆ ఎక్స్‌రెఫ్ లేయర్ల రంగు మార్చుకోవచ్చు. విస్‌రిటైన్ 1 ఉంటేనే అది రీలోడ్ అయ్యాక కూడా నిలుస్తుంది.

#28 వంపుగీత
లేయర్ రంగులు మార్చాను. చాలావరకు నల్లబడ్డాయి, తలుపుల బ్లాకులు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

#29 పాలీలైన్
ఆ వస్తువులకు లేయర్ రంగు కాకుండా సొంత ట్రూ కలర్ ఇచ్చి ఉంటారు. ఎక్స్‌రెఫ్‌ఓవర్‌రైడ్ 1 పెట్టండి. ఎక్స్‌రెఫ్‌లోని వస్తువులన్నీ బైలేయర్ ఉన్నట్టే ప్రవర్తిస్తాయి, అసలు ఫైల్ మారదు. అప్పుడు లైన్‌టైప్, లైన్ మందం కూడా లేయర్ నుంచే వస్తాయి కాబట్టి డాష్ గీతలు సొంతంగా పెట్టి ఉన్న చోట్ల నిండుగీతలు వచ్చే అవకాశం ఉంది. ప్రివ్యూ చూసుకుని ప్రింట్ ఇవ్వండి.